తిత్తి కాని ఊపిరితిత్తి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు చేసే పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి, మాకు అర్థమయ్యేలా" అన్నారు. నేను చేసే పని రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. ఛాతీలో కొన్ని ఆపరేషన్లు చేసేటప్పుడు ఒకవైపు ఊపిరితిత్తిలోంచి గాలి పోనిచ్చి దాన్ని ముడుచుకోనిస్తారు. అలా ముడుచుకున్నాక అది ఏ ఆకారంలోకి వస్తుంది, లోపల ఫలానా చోట ఉన్న చిన్న గడ్డ ఎక్కడికి జరుగుతుంది అన్నది కంప్యూటర్లో ముందే లెక్క కట్టాలని మా ప్రయత్నం. పన్నెండేళ్లుగా ఇదే పని. ఇంకా పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో చెబితే మీకు ఆ పనేమిటో కూడా తెలుస్తుంది.

మన భాషలో ఆ అవయవం పేరు చూడండి. ఊపిరి తిత్తి. తిత్తి అంటే తోలుసంచి. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడానికి కమ్మరి కొలిమి రాజేసేటప్పుడు తిత్తి ఊదడం మా వయసు వాళ్లు చూసే ఉంటారు. తిత్తిని వెయ్యిసార్లు నొక్కినా వెయ్యిసార్లూ అదే మడత మీద ముడుచుకుంటుంది. ఆ మడత ఎక్కడ పడాలో కుట్టినవాడే నిర్ణయించేశాడు. ఊపిరితిత్తికి అలా కుట్టిపెట్టిన మడత లేదు. పేరు పెట్టిన పెద్దల్ని తప్పు పట్టను, వాళ్లు పని చూసి పేరు పెట్టారు. కానీ ఆ పేరు పట్టుకుని లెక్క మొదలుపెడితే మాత్రం దారి తప్పుతాం.

మన సైన్సు పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది, గుర్తుందా? అడుగు లేని గాజు జాడీ, మూతలోంచి దిగిన వై ఆకారపు గొట్టం, దాని రెండు కొసలకూ రెండు బుడగలు, జాడీ అడుగున బిగించిన రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బుడగలు ఉబ్బుతాయి. అదే ఉదరవితానం, అదే శ్వాస. మా సైన్సు మాస్టారు ఆ జాడీని నిజంగానే తయారుచేసి చూపించారు. ఇప్పుడు ఆ జాడీ గోడకు ఒక చిల్లు పెట్టారనుకోండి. పొర ఎంత లాగినా బుడగ ఉబ్బదు, ముడుచుకునే ఉంటుంది. ఛాతీకి రంధ్రం పెడితే జరిగేది అదే. ఊపిరితిత్తిని విప్పార్చి పట్టుకుని ఉండేది దాని చుట్టూ ఉన్న పొరల మధ్య పీడనం. అది వాతావరణ పీడనం కంటే కాస్త తక్కువగా ఉంటుంది. బయటి గాలి లోపలికి రాగానే ఆ తేడా పోతుంది, ఊపిరితిత్తి తనంతట తాను కుంచించుకుంటుంది. రోగికి ఊపిరి ఆడాలి కాబట్టి మత్తు డాక్టరు రెండు దారులున్న గొట్టం వేసి, రెండోవైపు ఊపిరితిత్తికి మాత్రం గాలి అందిస్తాడు. ఈ పక్కది ఖాళీ అయితే సర్జన్‌కు చెయ్యాడడానికి చోటు దొరుకుతుంది.

ఇక్కడే చిక్కు. పూర్వం పక్కటెముకలు వెడల్పు చేసి, చెయ్యి లోపలికి పెట్టి, వేళ్లతో తడిమి గడ్డను పట్టుకునేవారు. వేలికి మించిన సాధనం లేదు. 1990ల నుంచి చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, సన్నని పనిముట్లు పంపి చేయడం పెరిగింది. రోగికి నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి వెళ్తాడు. అయితే వేలు పోయింది. పైగా ఇప్పుడు వెతకాల్సిన గడ్డలూ చిన్నవైపోయాయి. అమెరికాలో 53 వేల మందికి పైగా పొగతాగేవాళ్ల మీద, మానేసినవాళ్ల మీద జరిపిన పెద్ద అధ్యయనం 2011లో ఒక సంగతి తేల్చింది: తక్కువ మోతాదు సీటీ స్కాన్‌తో ముందే వెతికితే, మామూలు ఎక్స్‌రేతో వెతికిన దానికంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయి. అప్పటి నుంచి సెంటీమీటరు కూడా లేని గడ్డలు, మబ్బు తునకల్లా పలచగా కనిపించే మచ్చలు ఎన్నో బయటపడుతున్నాయి. వాటిలో కొన్ని చేత్తో తడిమినా తగలనంత మెత్తగా ఉంటాయి.

వెతకడం ఒకటే కాదు, ఎంత కోయాలన్న ప్రశ్న కూడా ఉంది. పూర్వం గడ్డ ఉన్న తమ్మెను, అంటే కుడివైపు మూడింటిలో ఒకదాన్నో, ఎడమవైపు రెంటిలో ఒకదాన్నో, మొత్తంగా తీసేసేవారు. జపాన్‌లో 1,106 మంది మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలకు తమ్మె అంతా కాకుండా అందులో ఒక భాగం మాత్రమే తీసినవాళ్లలో అయిదేళ్ల తర్వాత బతికున్నవారు 94.3 శాతం, తమ్మె మొత్తం తీసినవాళ్లలో 91.1 శాతం. తక్కువ కోస్తే మేలన్నమాట. కానీ తక్కువ కోయాలంటే ఎక్కడ కోయాలో కచ్చితంగా తెలియాలి. అంచు చాలకపోతే జబ్బు మిగిలిపోతుంది, ఎక్కువైతే రేపటి ఊపిరి పోతుంది.

సీటీ స్కాన్ చూసుకోవచ్చు కదా అంటారు. సీటీ తీసేటప్పుడు రోగి వెల్లకిలా పడుకుని, చేతులు తల మీదికి పెట్టుకుని, గుండెనిండా గాలి పీల్చి బిగబట్టి ఉంటాడు. ఆపరేషన్ బల్ల మీద అదే మనిషి పక్కకు తిరిగి పడుకుని ఉంటాడు, ఆ ఊపిరితిత్తి పైకి ఉంటుంది, అందులో గాలి సగానికి పైగా ఉండదు. గుండె, దాని చుట్టూ ఉన్నవన్నీ బరువుకు కిందికి వాలతాయి. సెంటీమీటరు గడ్డ కొన్ని సెంటీమీటర్లు జరగడం వింతేమీ కాదు. నిండు గోదావరిలో వేసిన గుర్తును ఎండాకాలం ఇసుక తిన్నెల్లో వెతకమన్నట్టే.

చరిత్రలోకి ఒక్క నిమిషం. ఊపిరితిత్తిని కావాలని ముడుచుకోనివ్వడం కొత్త ఆలోచన కాదు, మన రాష్ట్రానికీ కొత్త కాదు. క్షయకు మందులేని రోజుల్లో, జబ్బు చేసిన ఊపిరితిత్తికి విశ్రాంతినిస్తే పుండు మానుతుందని ఇటలీ డాక్టర్ ఫోర్లానీని 1882లో ప్రతిపాదించాడు. సూదితో పక్కటెముకల మధ్యనుంచి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడిచేవారు. ఆ గాలిని ఒళ్లు మెల్లగా పీల్చేసుకుంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించాలి, అలా ఏళ్ల తరబడి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి నడిచిన శానిటోరియంలో ఈ వైద్యం చేశారు. దాని తొలి సూపరింటెండెంటు డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. మన పక్కన రాజమండ్రి విశ్రాంతిపురం పేరు వింటే మన అమ్మమ్మల తరం గొంతు తగ్గించి మాట్లాడేది, అదీ క్షయ శానిటోరియమే. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక గాలి ఎక్కించే వైద్యం పోయింది.

ఆ వైద్యం చేసిన డాక్టర్లకు ఒక సంగతి అనుభవంలో తెలుసు. ఒకే రకంగా గాలి ఎక్కించినా ఏ ఇద్దరి ఊపిరితిత్తీ ఒకేలా ముడుచుకోదు. పాత జబ్బు వల్ల ఊపిరితిత్తి పై పొర పక్కటెముకల లోపలి పొరకు అక్కడక్కడ అతుక్కుపోతుంది. ఆ అతుకులున్నచోట అది దిగదు, వేలాడుతుంది. స్వీడన్‌లో జాకోబియస్ అనే డాక్టరు 1910లో సన్నని గొట్టంతో ఛాతీ లోపలికి చూడటం మొదలుపెట్టి, తర్వాత కొద్ది ఏళ్లలోనే ఆ గొట్టం సాయంతో అతుకుల్ని తెంపడం నేర్పాడు. ఇవాళ్టి రంధ్రాల ఆపరేషన్లకు మూలం అదే. ఊపిరితిత్తి సరిగా ముడుచుకోవడం లేదన్న ఇబ్బందిలోంచే ఈ విద్య పుట్టిందన్నమాట.

ఇక లెక్క సంగతి. నేను కాకినాడలో ఇంజనీరింగు చదివి, చాలాకాలం కార్ల రబ్బరు భాగాలు నొక్కితే ఎంత వంగుతాయో లెక్కలు కట్టాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కోసం నెలలు ఖర్చుపెట్టినవాణ్ణి. వాడేది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. పేరు పెద్దదే గాని మన ఊళ్లో ఎవరికైనా తెలిసిన ఆలోచనే. వంకర టింకరగా ఉన్న ఊరి భూమి మొత్తాన్ని ఒకేసారి కొలవలేం. కమతాలుగా విడగొట్టి, ఒక్కో కమతం లెక్క విడిగా వేసి, గట్టు దగ్గర ఇటు లెక్కా అటు లెక్కా కలిసేలా చూసుకుంటాం. విమానం రెక్కకైనా, ఆనకట్టకైనా, ఊపిరితిత్తికైనా ఇదే. ఈ విద్య నేను నేర్చుకున్న పుస్తకం ఒక తెలుగాయనది. వరంగల్ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసరైన జె.ఎన్. రెడ్డిగారు 1984లో ఆ పుస్తకం తొలి ముద్రణ తెచ్చారు. ప్రపంచమంతా దాన్ని పాఠ్యపుస్తకంగా చదివింది.

రబ్బరు నుంచి ఊపిరితిత్తికి వచ్చేసరికి నాకు ఎదురైన మొదటి తేడా ఏమిటంటే, రబ్బరును నొక్కితే ఆకారం మారుతుంది గాని ఘనపరిమాణం మారదు. ఊపిరితిత్తికి ఘనపరిమాణమే మారుతుంది. సరే, ఘనపరిమాణం సగమైతే పొడవు వెడల్పులన్నీ సుమారు 0.79 వంతు అవుతాయి, అన్నీ ఆ లెక్కన తగ్గించేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. సరిపోదు. లోపలి పెద్ద శ్వాసనాళాలకు మృదులాస్థి ఉంది, అవి అంతగా పొట్టివి కావు. చుట్టూ ఉన్న స్పంజి లాంటి భాగం ఎక్కువ కుంచించుకుంటుంది. తమ్మెలు ఒకదాని మీద ఒకటి జారతాయి, కాస్త మెలి తిరుగుతాయి. మొత్తం ఊపిరితిత్తి గుండె వైపున్న తొడిమ దగ్గర మాత్రమే గట్టిగా పట్టుకుని ఉంటుంది. పిందె తొడిమకు వేలాడినట్టు. దానికి తోడు దాని సాగే గుణంలో అంతా కండ తాలూకు సాగుడు కాదు. 1929లో ఫాన్ నీర్‌గార్డ్ అనే శాస్త్రవేత్త ఊపిరితిత్తిని గాలికి బదులు ద్రవంతో నింపి చూస్తే, నింపడానికి చాలా తక్కువ పీడనం సరిపోయింది. అంటే ముడుచుకునే బలంలో పెద్దవాటా గాలి గదుల లోపలి తడి పొర తలతన్యతది. నీటిబొట్టు గుండ్రంగా ఎందుకుంటుందో తొమ్మిదో తరగతిలో చదివామే, ఆ బలమే.

అసలు చిక్కు గాలి బయటికి వెళ్లే దారిలో ఉంది. దీనికి మన కాలువల కన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన నీరు ప్రధాన కాలువలోంచి మండపేట కాలువకు, అక్కడి నుంచి పిల్లకాలువలకు, బోదెలకు, చివరికి చేలోకి వస్తుంది. శ్వాసనాళం కూడా అలాగే రెండుగా చీలుతూ, ఆ రెండూ మళ్లీ చీలుతూ 23 తరాలు పోయి, 30 నుంచి 50 కోట్ల గాలి గదులకు చేరుతుంది. చేలో నీరు దిగిపోవాలంటే ముందు బోదె తెరిచి ఉండాలి. తుఫానుకు మురుగుకాలువ ఎగదన్నితే చేలో నీరు చేలోనే నిలిచిపోతుందని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తిలోనూ గదులు ఖాళీ కాకముందే సన్నని నాళాలు మూసుకుపోతాయి, గాలి అక్కడక్కడ చిక్కుకుపోతుంది. ఏళ్ల తరబడి పొగతాగినవారి ఊపిరితిత్తి అయితే గంట గడిచినా సగం ఉబ్బే ఉండవచ్చు. ఇంకో సంగతి. గాలి పోనిచ్చే ముందు మత్తు డాక్టరు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ చిక్కుకున్న గాలిని రక్తం పీల్చేసుకుంటుంది, ఊపిరితిత్తి బాగా దిగుతుంది. మామూలు గాలిలోని నైట్రోజన్‌ను రక్తం అంత త్వరగా తీసుకోదు. కాబట్టి మత్తు డాక్టరు ఏ గాలి ఇచ్చాడో కూడా నా లెక్కలోకి రావాలి. రబ్బరు పట్టీ చేసినప్పుడు ఇలాంటి బాధ లేదు.

ఇదే పని ప్రపంచంలో చాలాచోట్ల సాగుతోంది. కెనడాలో వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు ఊపిరి పీల్చి వదిలే దశల స్కాన్‌లు తీసుకుని, అక్కడి నుంచి పూర్తిగా ముడుచుకున్న ఆకారాన్ని ఊహించారు. జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ బృందం బీగిల్ కుక్కల ఊపిరితిత్తులను ఉబ్బినప్పుడు, ముడుచుకున్నప్పుడు స్కాన్ చేసి, పై పొర కదలికను బట్టి లోపలి నాళాలు ఎలా కదిలాయో చూసింది. ఫ్రాన్స్‌లో రెన్, గ్రెనోబుల్ పరిశోధకులు ఆపరేషన్ బల్ల మీదే స్కాన్ తీసి, రోగి పక్కకు తిరగడం వల్ల వచ్చే మార్పు ఒకటి, గాలి పోవడం వల్ల వచ్చే మార్పు ఇంకొకటి అని విడదీసి లెక్క కట్టారు. నాకు వీటిలో ఫ్రాన్స్ వాళ్ల దారి నచ్చుతుంది. రెండు మార్పులను కలిపేసి చూస్తే ఏది దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. అయితే బల్ల మీద తీసిన స్కాన్‌లోనూ ఒక ఇబ్బంది. గాలి పోయినకొద్దీ ఊపిరితిత్తి సాంద్రత పెరిగి బొమ్మ తెల్లబడుతుంది. నల్లటి నేపథ్యంలో మబ్బులా కనిపించిన మచ్చ, నేపథ్యమే మబ్బయిపోతే ఇక కనిపించదు.

రెండేళ్ల కిందట ఈ లెక్క మా ఇంటికే వచ్చింది. మా అక్క, ఆవిడా ఈ స్కూల్లోనే చదివింది, ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉంది, చెప్పమని ఆవిడే అన్నది. దగ్గు తగ్గక సీటీ తీయిస్తే కుడివైపు పై తమ్మెలో తొమ్మిది మిల్లీమీటర్ల గడ్డ. హైదరాబాదులో ఆపరేషన్ అన్నారు. సర్జన్‌గారు మంచి మనిషి, ఉన్నమాట చెప్పారు: "రంధ్రాల్లోంచి చేస్తాను, గడ్డ దొరక్కపోతే తెరవాల్సి వస్తుంది." ఆ రాత్రి అక్క నన్ను పిలిచింది.

"ఒరేయ్, నువ్వు రాత్రింబవళ్లు ఈ లెక్కలే కడతావుగా. నా గింజ ఎక్కడికి జరుగుతుందో ఆ డాక్టరుగారికి నువ్వే చెప్పేయరాదూ?"

"చెప్పగలనక్కా. కానీ ఆ మాట నమ్మి ఆయన కోసేంత గట్టిగా చెప్పలేను."

"మరి పన్నెండేళ్లూ ఏం చేశావురా?"

దానికి నా దగ్గర ఒక్కముక్క జవాబు లేదు. మర్నాడు స్కాన్ గదిలో తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి, గడ్డ దగ్గరికి ఒక సన్నని కొక్కెం తీగ దింపారు. తీగ ఒంట్లో ఉండగానే చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. ఇది అందరూ చేసే పద్ధతే, పనికొచ్చే పద్ధతే. కాకపోతే తీగ కదలవచ్చు, తీగ గుచ్చినచోట గాలి లీకవ్వచ్చు, రోగికి ఆ గంటసేపూ నరకం. అక్కకు తీగ కదల్లేదు. కానీ కెమెరా లోపలికి పెట్టి చూస్తే ఊపిరితిత్తి కిందిభాగం చక్కగా దిగింది, పైభాగం మాత్రం దండెం మీద వేసిన తడిబట్టలా పక్కటెముకలకు వేలాడుతోంది. అతుకులు. పెళ్లయిన కొత్తలో అక్కకు క్షయ వచ్చి మందులు వాడిందన్న సంగతి మా ఇంట్లో అందరం మర్చిపోయాం. అతుకులు విడదీసి, గడ్డ ఉన్న చిన్న ముక్క తీశారు. రిపోర్టులో అది క్యాన్సర్ కాదు, మానిపోయిన పాత క్షయ మచ్చ. ఇంటికొచ్చాక అక్క అన్నది, "ముప్పయ్యేళ్ల నాటి పాత బాకీరా ఇది."

నా పని దిశ ఆ రోజు నుంచి కొంచెం మారింది. ప్రపంచంలో ఉన్న నమూనాలు చాలావరకు ఊపిరితిత్తి చుట్టూ ఎక్కడా అతుకు లేదని, అంతటా జారుతుందని అనుకుని మొదలవుతాయి. కుక్కల ఊపిరితిత్తుల్లో, ఆరోగ్యంగా ఉన్న పొరల్లో అది నిజమే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. మన రోగిలో పాత అతుకు ఉండటం అరుదైన సంగతి కాదు, లెక్కలో మొదటే పెట్టుకోవాల్సిన సంగతి. మంచి విషయమేమిటంటే అతుకును ముందే పట్టడానికి ఒక దారి ఉంది. ఊపిరి పీల్చినప్పుడు, వదిలినప్పుడు రెండు స్కాన్‌లు తీసి పోలిస్తే, అతుకు లేనిచోట ఊపిరితిత్తి పక్కటెముకల మీద జారుతుంది, అతుకు ఉన్నచోట పక్కటెముకతో కలిసి కదులుతుంది. ఆ తేడాను లెక్కలోకి తెస్తే, ఎక్కడ వేలాడుతుందో కొంతవరకు ముందే చెప్పవచ్చు.

ఇంకొకటి కూడా మార్చుకున్నాం. పరిశోధన పత్రాల్లో అందరం సగటు తేడా ఇన్ని మిల్లీమీటర్లు అని రాసుకుంటాం. సర్జన్‌కు సగటుతో పనిలేదు. ఆయన ఎదురుగా ఉన్నది ఒకే మనిషి, ఒకే గడ్డ. అందుకని మా నమూనా ఇప్పుడు గడ్డ ఇక్కడుంది అని ఒక చుక్క పెట్టదు. ఈ నిమ్మకాయంత జాగాలో ఉండే అవకాశం ఎక్కువ అని ఒక మేర గీస్తుంది. అతుకుల అనుమానం ఉంటే ఆ మేర బత్తాయంత అవుతుంది. కొన్నిసార్లు పనసకాయంత అయి కూర్చుంటుంది, అప్పుడు తీగ గుచ్చుకోండి బాబూ అని చెప్పడమే దాని ఉపయోగం. మా కుర్ర ఇంజనీర్లకు ఇది నామోషీగా ఉంటుంది. నాకు మాత్రం ఇన్నేళ్లలో మేం చేసిన పనుల్లో ఇదే బాగుందనిపిస్తుంది.

ఇప్పుడు నా అవసరం చెబుతాను. ఈ సభలో డాక్టర్లు చాలామంది ఉన్నారు, అందులో ఇద్దరు ముగ్గురు ఛాతీ సర్జన్లు, మత్తు డాక్టర్లు కూడా ఉన్నారని సంఘం వారి జాబితాలో చూశాను. మాకు కావలసింది పాత క్షయ ఉన్న మన రోగుల స్కాన్‌లు, వాళ్ల ఆపరేషన్ కెమెరా వీడియోలు. రోగి ఒప్పుకోవాలి, మీ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, పేరూ ఊరూ తీసేసి ఇవ్వాలి. గాలి పోనివ్వడానికి ముందు ఎంత ఆక్సిజన్ ఇచ్చారు, ఎన్ని నిమిషాలు ఆగారు అన్న రెండు అంకెలు కేసు షీటులో రాసి ఉంచితే మరీ మేలు, మామూలుగా వాటిని ఎవరూ రాయరు. భోజనాల దగ్గర నేను అక్క పక్కనే ఉంటాను, అక్కడికి రండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎవరైనా ఆ గాజు జాడీ మళ్లీ తయారుచేస్తే గోడకు ఒక చిల్లు పెట్టి, దానికి బిరడా కూడా పెట్టండి. మూసి ఒకసారి, తీసి ఒకసారి చూపించవచ్చు.